చాంగ్ కై షేక్‌ని ముంచింది కౌలు లెక్క

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో తైవాన్ మీద మీరు వేసిన వ్యాసమూ, తర్వాత దాని మీద పాఠకులు రాసిన ఉత్తరాలూ చదివాను. వ్యాసం రాసినాయన, 1949లో మావో కమ్యూనిస్టులు గెలిచి చాంగ్ కై షేక్ కొమింటాంగ్ పార్టీ తైవాన్ పారిపోయినప్పుడు చైనాలో ప్రజాస్వామ్యం ఓడిపోయి నియంతృత్వం గెలిచిందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఉత్తరాల్లో సగం దానికి వంత పాడాయి. మిగతా సగం చాంగ్ కై షేక్ అమెరికా తొత్తు, మావో ప్రజల మనిషి, ఇక చర్చ దేనికన్నాయి. ఎవరి పాట వాళ్లు పాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు గానీ, ఈ రెండు పాటల్లోనూ చైనా రైతు ఎక్కడా కనపడడు. అతను కట్టిన కౌలు ఎంత, అతని కొడుకుని పట్టుకుపోయింది ఎవరు, అతని చేతిలో ఉన్న నోటుకి గింజలెన్ని వచ్చేవి, ఇవన్నీ వదిలేసి ఆ రెండు పార్టీల కొట్లాట అర్థం చేసుకుందామంటే ఎలా కుదురుతుందండీ?

ముందు ఈ ప్రజాస్వామ్యం సంగతి చూద్దాం. కొమింటాంగ్‌కి నిజంగా ఓట్ల పార్టీ అయ్యే అవకాశం తొలినాళ్లలో ఒకసారి వచ్చింది. 1911 అక్టోబర్‌లో వూచాంగ్‌లో సైనికులు తిరగబడ్డారు, మరుసటి ఫిబ్రవరికల్లా చింగ్ చక్రవర్తుల పాలన ముగిసింది, 1912 చివర్లో మొదలై 1913 మొదట్లో ముగిసిన ఎన్నికల్లో కొమింటాంగ్ గెలిచింది. ఓటు హక్కు కొద్దిమంది మగవాళ్లకే ఉండేది, అయినా ఎన్నికలు ఎన్నికలే. ఆ గెలుపు వెనక ఉన్న మనిషి సాంగ్ జియావోరెన్. అధ్యక్షుడికి పార్లమెంటు కళ్లెం వేయాలని ఊరూరా తిరిగి చెప్పాడు. 1913 మార్చిలో బీజింగ్ వెళ్లే రైలెక్కడానికి షాంఘై స్టేషన్‌కి వస్తే అక్కడే కాల్చారు. 31 ఏళ్లు కూడా నిండలేదు. అందరి వేళ్లూ అధ్యక్షుడు యువాన్ షికాయ్ వైపే చూపించాయి. ఆయన ఆ ఏడాదే కొమింటాంగ్‌ని నిషేధించాడు, 1915 చివర్లో తానే చక్రవర్తినన్నాడు, అది సాగక 1916లో పోయాడు. ఆ తర్వాత దేశం సేనాపతుల పాలైంది. ఎవరి జిల్లా వాళ్లది, ఎవరి పన్ను వాళ్లది. సిచువాన్‌లో కొన్నిచోట్ల పదుల ఏళ్ల తర్వాత కట్టాల్సిన పన్ను కూడా ముందే గుంజేశారు.

దీన్నుంచి కొమింటాంగ్ స్థాపకుడు సన్ యట్ సెన్ నేర్చుకున్నది ఏమిటంటే, సొంత సైన్యం లేని పార్టీని ఎవడూ లెక్క చేయడని. పాశ్చాత్య దేశాల సాయం అడిగి లాభం లేకపోయింది, సోవియట్ రష్యా ఇస్తానంది. 1923లో బొరోదిన్ అనే రష్యన్ సలహాదారు గ్వాంగ్‌జౌ వచ్చాడు, 1924 జనవరి మహాసభలో కొమింటాంగ్‌ని అచ్చం లెనిన్ పార్టీ పద్ధతిలో మార్చేశారు. కింద శాఖలు, పైన కేంద్ర కమిటీ, పైవాళ్లు చెప్పింది కిందవాళ్లు చేయడం. పార్టీ చెప్పినట్టు వినే సైన్యం కోసం అదే ఏడాది వాంపోవాలో సైనిక అకాడమీ పెట్టారు. దానికి అధిపతి చాంగ్ కై షేక్. అక్కడ రాజకీయ విభాగం కొన్నాళ్లు చూసింది, తర్వాత మావో ప్రభుత్వంలో ప్రధాని అయిన చౌ ఎన్ లై. తర్వాత మావో తరఫున చాంగ్ సైన్యాలని మంచూరియాలో మట్టి కరిపించిన లిన్ బియావో ఆ అకాడమీలో చదువుకున్నవాడే. చాంగ్ కొడుకు చింగ్ కువో మాస్కో వెళ్లి సన్ యట్ సెన్ పేరు పెట్టిన యూనివర్సిటీలో, తర్వాత కమ్యూనిస్టు చైనాని నడిపిన డెంగ్ షియావోపింగ్‌తో కలిసి చదివాడు. కమ్యూనిస్టు పార్టీ 1921లో షాంఘైలో 13 మంది ప్రతినిధులతో, యాభై పైచిలుకు సభ్యులతో మొదలైంది. పోలీసుల భయంతో ఆఖరి రోజు సమావేశం జియాషింగ్ చెరువులో పడవ మీద పెట్టుకున్న చిన్న పార్టీ అది. మాస్కో సలహా మీద దాని సభ్యులు కొమింటాంగ్‌లోనూ చేరారు. అంటే ఈ రెండు పార్టీలూ ఒకే తానులో ముక్కలు. దేశంలో ఒకే పార్టీ ఉండాలని ఇద్దరూ నమ్మారు, తగాదా అంతా ఆ ఒక్కటి ఎవరిదన్న దాని మీదే. ప్రజాస్వామ్యానికీ నియంతృత్వానికీ పోటీ అనడానికి ఇందులో ఏముందో వ్యాసకర్తే చెప్పాలి.

1927 ఏప్రిల్ 12న షాంఘైలో ఏం జరిగిందో చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. మార్చిలో కార్మిక సంఘాలే ఊరుని చేతిలోకి తీసుకుని చాంగ్ సైన్యానికి దారి ఇచ్చాయి. మూడు వారాలు తిరిగేసరికి చాంగ్ అక్కడి గ్రీన్ గ్యాంగ్ రౌడీలతో కలిసి ఆ కార్మికులనే చంపించాడు. కానీ మన చదువరులకి అంతగా తెలియంది అదే ఏడాది వూహాన్‌లో జరిగింది. కొమింటాంగ్‌లోని వామపక్షం వాళ్లు వాంగ్ జింగ్‌వే నాయకత్వంలో అక్కడ వేరే ప్రభుత్వం నడుపుతున్నారు, కమ్యూనిస్టులు ఇంకా వాళ్లతోనే ఉన్నారు. కమింటర్న్ (మాస్కో నడిపే ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంస్థ) తరఫున అక్కడున్న మనిషి మన ఎం.ఎన్. రాయ్. భూములు స్వాధీనం చేసుకోండి, 20 వేల మంది కమ్యూనిస్టులకి, 50 వేల మంది కార్మికులు, రైతులకి ఆయుధాలివ్వండి అని స్టాలిన్ దగ్గర్నుంచి టెలిగ్రాం వస్తే, రాయ్ దాన్ని తీసుకెళ్లి వాంగ్‌కే చూపించాడు! ఏ ధైర్యంతో చూపించాడో గానీ, వాంగ్ బెదిరిపోయి జూలైకల్లా కమ్యూనిస్టులని తరిమేశాడు. ఆ రాయ్ వెనకే తర్వాత కాలంలో త్రిపురనేని గోపీచంద్ లాంటివాళ్లు మన దగ్గర నడిచారు, మా తెనాలి వైపు రాయిస్టుల పేరు చెబితే గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ టెలిగ్రాంలో వాంగ్‌ని బెదరగొట్టిన వాటిలో తుపాకులతో పాటు భూమి కూడా ఉంది. కొమింటాంగ్ సైన్యంలో ఆఫీసర్లు చాలామంది భూమున్న కుటుంబాల పిల్లలే మరి.

ఇక అసలు విషయానికి వస్తాను. 1930లో రాజధాని నాన్‌జింగ్‌లో కూర్చుని చాంగ్ ప్రభుత్వం ఒక భూమి చట్టం చేసింది. దాని ప్రకారం కౌలు ప్రధాన పంటలో 37.5 శాతం దాటకూడదు. చాలా చోట్ల పంటలో సగం, కొన్నిచోట్ల అంతకు మించి కౌలు కింద పోతున్న రోజులవి. చట్టం బంగారంలాంటిదే, అమలు మాత్రం దాదాపు లేదు. అమలు చేయాల్సింది జిల్లాల్లో ఎవరు? కౌలు తీసుకునేవాళ్లే, లేదా వాళ్ల బావమరుదులే. మనకి ఇదేం కొత్త కాదు, 1973 భూసంస్కరణల చట్టం మన రాష్ట్రంలో ఎలా అమలైందో చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

తర్వాత జపాన్ యుద్ధం వచ్చింది. 1936 డిసెంబర్‌లో షీఆన్‌లో సొంత సేనాపతి జాంగ్ షుయేలియాంగే చాంగ్‌ని నిర్బంధించి, ముందు జపాన్ సంగతి చూడు, కమ్యూనిస్టుల సంగతి తర్వాత అంటే గానీ రెండు పార్టీలూ మళ్లీ కలవలేదు. (దానికి చాంగ్ వేసిన గృహనిర్బంధంలో ఆయన యాభై ఏళ్లకి పైగా గడిపాడు, చాంగ్ ఆయన్ని తైవాన్‌కి కూడా వెంట తీసుకుపోయాడు. పగంటే అదీ.) యుద్ధంలో పెద్ద పెద్ద పోరాటాలు చేసింది, ఎక్కువ మందిని పోగొట్టుకుంది కొమింటాంగ్ సైన్యమే, ఈ మాట ఒప్పుకోని వామపక్ష మిత్రులు షాంఘై, వూహాన్ యుద్ధాల గురించి కాస్త చదవాలి. అయితే ఆ సైన్యం సొంత రైతులని చూసిన తీరు వేరు. 1938 జూన్‌లో జపాన్ వాళ్లని ఆపడానికి హువాయువాన్‌కౌ దగ్గర పసుపునది గట్టు తెంచారు, ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి, లక్షల మంది చనిపోయారు. సైన్యంలోకి పట్టుకొచ్చిన కుర్రాళ్లని పారిపోకుండా తాళ్లతో కట్టి నడిపించేవారు, దళానికి చేరకముందే ఆకలితో, రోగంతో చచ్చినవాళ్లకి లెక్క లేదు.

హెనాన్ రాష్ట్రం సంగతి వింటే మిగతాది అర్థమవుతుంది. 1942లో వానలు లేవు, పంట పోయింది, 1943 నాటికి 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. జనం చెట్ల బెరడు తింటుంటే ప్రభుత్వం సైన్యం కోసం ధాన్యం పన్ను వసూలు చేస్తూనే ఉంది. 1944లో జపాన్ సైన్యం అటు విరుచుకుపడితే కొమింటాంగ్ దళాలు వెనక్కి తిరిగాయి. అప్పుడు అదే హెనాన్ రైతులు పారలూ, కొడవళ్లూ, నాటు తుపాకులూ పట్టుకుని దారి కాచి, ఆ సైనికుల మీద పడి ఆయుధాలు లాక్కున్నారు. శత్రువు ఒక పక్క తరుముకొస్తుంటే సొంత దేశపు రైతు సొంత దేశపు సైనికుణ్ణి కొట్టాడంటే ఆ పార్టీ పని అప్పుడే అయిపోయింది, 1949 దాకా ఆగక్కర్లేదు.

అమెరికా తొత్తు సిద్ధాంతం చెప్పేవాళ్లకి కూడా ఒక మాట. జపాన్ లొంగిపోయాక అమెరికా చాంగ్‌కి ఇచ్చిన సాయం సుమారు 200 కోట్ల డాలర్లు, అదీ చాలదన్నట్టు అమెరికా దూతగా జనరల్ మార్షల్ వచ్చి ఏడాదికి పైగా రెండు పార్టీలనీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించాడు. ఇటు స్టాలినేమో 1945 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నది చాంగ్ ప్రభుత్వంతోనే. 1949 ఏప్రిల్‌లో కమ్యూనిస్టులు నాన్‌జింగ్‌లోకి అడుగుపెట్టినప్పుడు అమెరికా రాయబారి ఊళ్లోనే ఉండిపోతే, సోవియట్ రాయబారి అప్పటికే కొమింటాంగ్ ప్రభుత్వం వెంట గ్వాంగ్‌జౌ వెళ్లిపోయి ఉన్నాడు. ఎవరు ఎవరి తొత్తో ఇక మీరే చెప్పండి.

1946 మధ్యలో అసలు అంతర్యుద్ధం మొదలయ్యేటప్పటికి చాంగ్ దగ్గర సుమారు 43 లక్షల సైన్యం, మావో దగ్గర 12 లక్షలు. మూడేళ్లలో తలకిందులైంది. దీనికి సగం కారణం పల్లెలో ఉంటే మిగతా సగం పట్నంలో, జీతగాళ్ల జేబులో ఉంది. యుద్ధం ఖర్చుకి ప్రభుత్వం నోట్లు అచ్చేస్తూ పోయింది. 1948 ఆగస్టులో పాత నోట్లు పనికిరావని గోల్డ్ యువాన్ తెచ్చారు, 30 లక్షల పాత యువాన్లకి ఒక్క కొత్త యువాన్. ఇళ్లల్లో ఉన్న బంగారం, వెండి, డాలర్లు అన్నీ ప్రభుత్వానికి ఇచ్చేయాలి, దాచుకుంటే జైలు. చట్టానికి భయపడే మధ్యతరగతి, అంటే టీచర్లు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు వరసలో నిలబడి పెళ్లాం మెడలోది కూడా ఇచ్చొచ్చారు. షాంఘైలో ధరలు ఆపే పని చాంగ్ తన కొడుకు చింగ్ కువోకి అప్పగించాడు. అతను నిజంగానే గట్టిగా పట్టాడు, గ్రీన్ గ్యాంగ్ పెద్ద దూ యుయెషెంగ్ కొడుకుని సైతం అరెస్టు చేశాడు. అయితే సరుకు దాచిన యాంగ్జీ కంపెనీ గోడౌన్ల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది, ఎందుకంటే అది చాంగ్ భార్య అక్క కొడుకుది. ఆవిడ కల్పించుకుంది, చాంగ్ యుద్ధం మధ్యలో విమానం ఎక్కి షాంఘై వచ్చాడు, మేనల్లుడు బయటపడ్డాడు. నవంబర్‌కల్లా ధరల అదుపు ఎత్తేశారు, చింగ్ కువో షాంఘై ప్రజలకి క్షమాపణ చెప్పి వెళ్లిపోయాడు. కాస్త బంగారమైనా వెనక్కి కొనుక్కుందామని డిసెంబర్‌లో బ్యాంకుల ముందు ఎగబడిన జనం ఒకరి మీద ఒకరు పడి నలిగి చచ్చారు. ప్రభుత్వం దగ్గర పోగుపడిన బంగారం ఓడల్లో తైవాన్ వెళ్లింది. ఇంత జరిగాక షాంఘై గుమాస్తా చాంగ్ కోసం తుపాకీ పట్టుకుంటాడా?

అటు కమ్యూనిస్టులు 1947 అక్టోబర్‌లో తమ చేతిలో ఉన్న ప్రాంతాల్లో భూమి పంచే చట్టం ప్రకటించి వెంటనే అమలు చేశారు. ఆ పంపకం రక్తం లేకుండా జరగలేదు, ఊరి సభల్లో భూస్వాములనీ, భూస్వాములు కానివాళ్లనీ కూడా కొట్టి చంపారు. కానీ భూమి చేతికొచ్చిన రైతు, చాంగ్ సైన్యం తిరిగొస్తే భూస్వామి కూడా వెనకే వస్తాడని లెక్క వేసుకున్నాడు. 1948-49 చలికాలంలో హువైహై యుద్ధానికి తిండీ, మందుగుండూ చేర్చింది చెక్కతో చేసిన ఒంటిచక్రం తోపుడు బండ్లు. 50 లక్షలకి పైగా రైతులని ఆ పనిలో దింపారు. అందరూ ఇష్టపడే వచ్చారని నేననను, పార్టీ పిలిస్తే రానని చెప్పే వీలు ఎంతమందికి ఉంటుంది! అయినా అవతలివైపు అలాంటి బండి తోసేవాడు లేకపోయాడు. ఆ ఒక్క యుద్ధంలో చాంగ్ 5 లక్షల మందికి పైగా పోగొట్టుకున్నాడు, చనిపోయినవాళ్లకంటే లొంగిపోయినవాళ్లే ఎక్కువ.

దీంతో మావో అభిమానులు సంతోషపడతారేమో, చాంగ్‌చున్ అనే ఊరి పేరు కూడా వినండి మరి. 1948 వేసవి నుంచి అక్టోబర్ దాకా లిన్ బియావో సైన్యం ఆ ఊరిని ముట్టడించింది. ఆకలికి తాళలేక బయటికి వచ్చిన జనాన్ని కమ్యూనిస్టు కాపలాదార్లు ముందుకి రానివ్వలేదు, కొమింటాంగ్ వాళ్లు వెనక్కి పోనివ్వలేదు. రెండు కంచెల మధ్య గడ్డి తిని చచ్చారు. లక్షన్నరకి తక్కువ ఉండరని చాలామంది చరిత్రకారుల అంచనా.

ఈ ఇద్దరూ వద్దన్నవాళ్లు కూడా ఉన్నారు, వ్యాసంలో వాళ్ల పేరే లేదు. ప్రొఫెసర్లు, లాయర్లు, పత్రికలవాళ్లు కలిసి పెట్టుకున్న డెమోక్రటిక్ లీగ్. వాళ్లకి సైన్యం లేదు, అందుకే ఎవరికీ గుర్తు లేరు. 1946 జూలైలో కున్‌మింగ్‌లో లీగ్ నాయకుడు లీ గోంగ్‌పుని కాల్చేశారు. నాలుగు రోజుల తర్వాత ఆయన సంతాప సభలో కవి వెన్ యీదువో లేచి హంతకుల ముఖం మీదే అన్నట్టు మాట్లాడి, ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఆయన్నీ కాల్చేశారు. చేసింది చాంగ్ మనుషులే. మరుసటి ఏడాది లీగ్‌నే నిషేధించారు. మిగిలినవాళ్లు వేరే దారిలేక మావో పంచన చేరారు, మొదట్లో మంత్రి పదవులు కూడా వచ్చాయి. 1957లో మీకు తోచింది ధైర్యంగా చెప్పండని అడిగిన పార్టీయే, చెప్పాక, లీగ్ నాయకులు జాంగ్ బోజున్‌, లువో లోంగ్‌జీలకి మితవాదులన్న ముద్ర వేసి మూల కూర్చోబెట్టింది. ప్రజాస్వామ్యం ఓడిందని రాయాలనుకుంటే వీళ్ల గురించి రాయాలి గానీ చాంగ్ గురించి కాదు.

కౌలు విషయంలో నా మాట మీద నమ్మకం లేనివాళ్లు తైవాన్‌నే చూడండి. 1949లో అక్కడ అదే కొమింటాంగ్, అదే చాంగ్, అదే 37.5 శాతం లెక్క బయటికి తీశారు. ఈసారి అమలు చేశారు! 1953లో దున్నేవాడికే భూమి అని చట్టం చేసి, భూస్వామికి మధ్యరకం మాగాణి ఏడెకరాల చిల్లర మిగిల్చి మిగతాది కౌలుదారుకి ఇప్పించారు. భూస్వాములకి నష్టపరిహారం కింద 70 శాతం ధాన్యం, చిలగడదుంపల లెక్కలో బాండ్లు, 30 శాతం సిమెంటు, కాగితం లాంటి సర్కారు కంపెనీల షేర్లు. పెద్ద ప్రధాన భూభాగంలో రెండు దశాబ్దాలు చేతకాంది చిన్న దీవిలో నాలుగేళ్లలో ఎలా అయింది? తైవాన్ భూములు కొమింటాంగ్ వాళ్ల చుట్టాలవి కావు, అంతకుమించి రహస్యం లేదు. పైగా 1947 ఫిబ్రవరి 28 తర్వాత, ఎదురుతిరిగిన తైవాన్ జనం మీద కొమింటాంగ్ సైన్యం జరిపిన ఊచకోతతో అక్కడి భూస్వాములకి నోరెత్తే ధైర్యం కూడా పోయింది. సైనిక శాసనం 1987 దాకా ఎత్తలేదు, అదీ మనం ప్రజాస్వామ్యం అంటున్న చాంగ్ వారసత్వం. ఇవాళ్టి తైవాన్ ఓట్లు అక్కడి జనం కొట్లాడి తెచ్చుకున్నవి.

ఇటు మావో పంచిన భూమి ఏమైంది? 1958 కల్లా ఉమ్మడి సేద్యపు కమ్యూన్లలో కలిపేశారు, రైతు చేతిలో పట్టా మిగల్లేదు. ఆ తర్వాతి మూడేళ్ల కరువులో పోయినవాళ్లని కోటిన్నర అని తక్కువ వేసేవాళ్లున్నారు, మూడు నాలుగు కోట్లని వేసేవాళ్లూ ఉన్నారు. తక్కువ లెక్కే తీసుకున్నా హెనాన్ కరువు దాని ముందు చిన్నదైపోతుంది. అన్నట్టు ఈసారి కూడా ఘోరంగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో హెనాన్ ఉంది.

మన దగ్గర ఈ చైనా చర్చ ఇంత వేడిగా ఎందుకుంటుందో నాకు తెలుసు. 1948లో, మావో ఇంకా గెలవకముందే, ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు మన దారి చైనా దారి అని పార్టీకి పత్రం రాశారు. తెలంగాణ పోరాటం అప్పుడు నడుస్తోంది. పార్టీ కార్యదర్శి రణదివే మరుసటి ఏడాది ఏకంగా మావోనే తప్పుపట్టాడు. తర్వాత 1967 నుంచి చైనా ఛైర్మనే మన ఛైర్మన్ అన్న రాతలు గోడల మీద చూసిన తరం మాది. అందుకే ఇక్కడ చైనా గురించి ఏం రాసినా చదివేవాడు ముందు ఏ పక్షమో చూసుకుని తర్వాత చదువుతాడు. కానీ అక్కడి పార్టీలే ఆ పంతం ఎప్పుడో సడలించుకున్నాయి. 2005లో కొమింటాంగ్ అధ్యక్షుడు లియన్ జాన్ బీజింగ్ వెళ్లి అప్పటి చైనా అధ్యక్షుడు హు జింటావోతో చేతులు కలిపాడు. 2015 నవంబర్‌లో సింగపూర్‌లో షీ జిన్‌పింగ్, కొమింటాంగ్ నుంచి తైవాన్ అధ్యక్షుడైన మా యింగ్ జియో ఒకరినొకరు అధ్యక్షా అనకుండా మిస్టర్ అని పిలుచుకుని, డిన్నర్ బిల్లు చెరి సగం కట్టుకున్నారు. రెండు పార్టీలూ సన్ యట్ సెన్‌కి దండలేస్తాయి, ఇద్దరికీ ఇప్పుడు ఉమ్మడి ఇబ్బంది మేం చైనా వాళ్లం కాదు తైవాన్ వాళ్లం అనే కుర్రతరం.

ఆఖరుగా ఒక సవరణ. వ్యాసం పక్కన వేసిన బాక్స్‌లో లాంగ్ మార్చ్ 1949లో బీజింగ్ చేరిందని ఉంది. చాంగ్ దళాల నుంచి తప్పించుకోవడానికి కమ్యూనిస్టు సైన్యం చేసిన నడకే లాంగ్ మార్చ్, అది 1934 అక్టోబర్‌లో జియాంగ్షీ నుంచి మొదలై 1935 అక్టోబర్‌లో షాన్షీ రాష్ట్రం ఉత్తరాన ముగిసింది. సుమారు 86 వేల మందితో బయల్దేరిన ఆ దళంలో చివరిదాకా మిగిలింది ఎనిమిది వేల లోపే. 1949 జనవరిలో బీజింగ్ (అప్పటి పేరు బీపింగ్) యుద్ధం లేకుండానే చేతులు మారింది, కొమింటాంగ్ సేనాపతి ఫూ జువోయీ మాట్లాడుకుని ఊరు అప్పగించాడు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు మీ పత్రిక కత్తిరించి దాచుకుంటారు కాబట్టి రేపటి సంచికలో దీన్ని సరిచేయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి